ఆ కళ్ళల్లో ప్రాణం లేదంటారేం?

చేపలు కొనడానికి వెళ్ళినప్పుడు మీరు ముందు ఏం చూస్తారు? కళ్ళే కదూ! కళ్ళు ఉబ్బెత్తుగా, అద్దంలా తేటగా ఉంటే తాజా చేప. లోపలికి పీక్కుపోయి, పాలు కలిపిన నీళ్ళలా తెల్లబడి ఉంటే "వద్దులే అమ్మా" అంటూ పక్క గంప దగ్గరికి నడుస్తాం. మన అమ్మలూ, అమ్మమ్మలూ నేర్పిన విద్య ఇది.

ఆమధ్య ఓ ఆదివారం పొద్దున్న విశాఖపట్నంలో చేపల బజారుకి మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను. నేను వంజరం ముక్కలకి బేరమాడుతుంటే, అది పక్క గంపలో ఉన్న మూరెడు సొర పిల్లని కన్నార్పకుండా చూస్తోంది. కాసేపటికి నా కొంగు పట్టుకుని "అమ్మా, అది నన్నే చూస్తోంది!" అంది.

చేపలమ్మే మామ్మ పకపకా నవ్వింది. "సచ్చిన సొర ఏటి సూస్తాదే పిల్లా!" అంటూ బొటనవేలితో దాని కంటి కింద మెల్లిగా నొక్కి పైకి నెట్టింది. కింది నుంచి తెల్లటి పొర ఒకటి జారి వచ్చి కంటిని సగం కప్పేసింది. "ఇదుగో, దీనికి లోపలో రెప్ప ఉంటాది. మిగతా సేపలకుండదు" అంది.

ఇన్నేళ్ళుగా చేపలు కొంటున్నాను, కడుగుతున్నాను, పులుసు పెడుతున్నాను. సొరకి రెప్ప ఉంటుందని ఆ రోజుదాకా నాకు తెలియదంటే నమ్మండి! మీలో ఎంతమందికి తెలుసు?

సొర అనగానే మనకు గుర్తొచ్చేది 1975లో వచ్చిన 'జాస్' సినిమా. తెర మీద కనిపించే ఆ నల్లటి కళ్ళు చూసి జడుసుకోనివాళ్ళు లేరు. ఆ కళ్ళల్లో దయ లేదు, ప్రాణం లేదు, అవి బొమ్మకి పెట్టిన కళ్ళు... ఇదే మన అందరి మనసుల్లోనూ పడిపోయింది. కానీ ఆ కంటి సంగతి కాస్త దగ్గరగా వెళ్ళి తెలుసుకుంటే, ఆ మాట ఎంత అన్యాయమో మీరే అంటారు.

మీ పులుసు గిన్నెలోనే ఉంది రహస్యం

ముందు మన సంగతి చూద్దాం. చెరువులోనో, ఈతకొలనులోనో మునిగి కళ్ళు తెరిస్తే ఏం కనిపిస్తుంది? అంతా మసక మసక. కారణం ఏమిటంటే, మన కంటికి ముందు అద్దంలాంటి పొర ఉంటుంది. దాన్నే కార్నియా అంటారు. గాలిలోంచి వచ్చే కాంతిని వంచి లోపలికి పంపడంలో దాదాపు మూడింట రెండు వంతుల పని దానిదే. మిగతాది లోపలి లెన్స్ చూసుకుంటుంది. కాంతి గాలిలోంచి కార్నియాలోకి వస్తే బాగా వంగుతుంది. నీళ్ళలోంచి వస్తే దాదాపుగా వంగదు, ఎందుకంటే కార్నియా కూడా నీళ్ళలాంటిదే. అందుకే నీళ్ళలో మన చూపు చెదిరిపోతుంది. ఈత కళ్ళద్దాలు పెట్టుకుంటే కంటి ముందు మళ్ళీ కాస్త గాలి నిలుస్తుంది కాబట్టి చక్కగా కనిపిస్తుంది.

మరి సొర సంగతేమిటి? దానికి కార్నియా సాయం ఎలాగూ అందదు. అందుకే బరువంతా లెన్స్ మీదే. మన లెన్స్ మినప్పప్పు బద్దలా కాస్త చదునుగా ఉంటుంది. సొరదీ, మిగతా చేపలదీ గోళీకాయలా గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. అలా గుండ్రంగా ఉంటేనే నీళ్ళలో కాంతిని కావలసినంత వంచగలదు.

నమ్మకం కలగలేదా? ఈసారి చేప తలకాయ పులుసు పెట్టినప్పుడు కంట్లో చూడండి. తెల్లటి గట్టి పూసలాంటిది ఒకటి దొరుకుతుంది. పిల్లలు దాన్ని తీసి ఆడుకుంటారు కూడా. అదే లెన్స్! బతికున్నప్పుడు అది గాజుపూసలా స్వచ్ఛంగా ఉంటుంది. పొయ్యి మీద వేడికి అందులోని ప్రోటీన్లు గడ్డకట్టి, కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టే తెల్లబడిపోతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మన లెన్స్ ఉబ్బుతుంది, దూరానికి చూసేటప్పుడు చదునవుతుంది. సొర లెన్స్ ఆకారం మారదు. లోపల చిన్న కండరం ఒకటి ఆ పూసని ముందుకు జరుపుతుంది. ఫోటోగ్రాఫరు కెమేరా లెన్స్‌ని ముందుకీ వెనక్కీ తిప్పడం చూశారుగా, అలాగన్నమాట!

చీకట్లో పిల్లి, సముద్రంలో సొర

రాత్రి కరెంటు పోయినప్పుడు వంటింట్లోకి టార్చిలైటు వేస్తే, మూల నుంచి రెండు పచ్చటి దీపాలు మెరుస్తాయి. పాలగిన్నె మీద కన్నేసిన పిల్లి! సొర కళ్ళు కూడా అలాగే మెరుస్తాయి.

మన కంట్లోకి వచ్చిన వెలుగు, వెనక ఉన్న రెటీనా పొర మీద ఒక్కసారే పడుతుంది. అక్కడ అందనిది వృథా అయినట్టే. సొరలకి రెటీనా వెనక ఇంకో మెరిసే పొర ఉంటుంది. రెటీనాని దాటిపోయిన వెలుగుని అది అద్దంలా వెనక్కి కొడుతుంది. అంటే ఒకే వెలుగుని రెండుసార్లు వాడుకుంటుందన్నమాట. చింతపండుని ఒకసారి పిసికి రసం తీశాక, ఇంకాసిని నీళ్ళు పోసి మళ్ళీ పిసుకుతామే... అదే పొదుపు!

ఆ పొర దేనితో తయారవుతుందో తెలుసా? గ్వానిన్ అనే పదార్థపు స్ఫటికాలతో. చేప పొలుసులు వెండిలా మెరవడానికి కారణం కూడా అదే. చేప పొలుసుల నుంచి తీసిన ఈ మెరుపునే కృత్రిమ ముత్యాల పూతకీ, నెయిల్ పాలిష్‌లో ముత్యపు తళుకుకీ వాడుతూ వచ్చారు. సొర కంట్లో మెరిసేదీ, మన గోళ్ళమీద మెరిసిందీ ఒక్కటేనంటే విడ్డూరంగా లేదూ!

మరి మిట్టమధ్యాహ్నం ఎండ నీళ్ళలోకి దిగినప్పుడు ఈ అద్దం వల్ల కళ్ళు జిగేలుమనవా? దానికీ ఏర్పాటుంది. కొన్ని జాతుల్లో, వెలుగు ఎక్కువైతే నల్లటి రంగు కణాలు జరిగి వచ్చి ఆ అద్దాన్ని కప్పేస్తాయి. ఎండ పొడ పడగానే మనం కిటికీకి తెర లాగేసినట్టే! పైగా చాలా చేపల కంటిపాప పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. సొరది మాత్రం మనకు మల్లే వెలుగుని బట్టి మూసుకుంటుంది, విప్పుకుంటుంది. కొన్నింటికి పిల్లికి లాగా నిలువు చీలికగా, లోతు సముద్రంలో తిరిగేవాటికి గుండ్రంగా ఉంటుంది.

ఇంతకీ, సినిమాలో మనల్ని భయపెట్టిన ఆ తెల్ల సొర కళ్ళు నలుపనుకుంటున్నారు కదూ! దగ్గరగా చూసినవాళ్ళు చెప్పేది వేరు. దాని కంటిపాప చుట్టూ ఉండే వలయం ముదురు నీలం రంగు.

ఎర్రచీరైనా పచ్చచీరైనా ఒకటే!

మన కంట్లో రెండు రకాల కణాలుంటాయి. మసక వెలుగులో పనిచేసేవి దండాలు. రంగులు చూపించేవి శంకువులు. శంకువుల్లో మనకి మూడు రకాలు. కాబట్టే బట్టలకొట్లో మామిడిచిగురు రంగుకీ, చిలకపచ్చకీ తేడా పట్టేస్తాం.

ఒకప్పుడు సొరలకి దండాలే తప్ప శంకువులు ఉండవనుకునేవారు. 1963లో శామ్యూల్ గ్రూబర్, ఆయన సహచరులు లెమన్ షార్క్ అనే సొర రెటీనాలో శంకువులున్నాయని చూపించారు. ఆ తర్వాత 2011లో ఆస్ట్రేలియాలో నేథన్ హార్ట్ బృందం 17 జాతుల సొరల కళ్ళు పరీక్షించింది. 10 జాతుల్లో శంకువులు కనబడనే లేదు. మిగిలిన 7 జాతుల్లో ఉన్నా, ఒకే ఒక్క రకం! రంగుకీ రంగుకీ తేడా పట్టాలంటే కనీసం రెండు రకాలు పోల్చి చూసుకోవాలి. కనుక చాలా సొరలకి ప్రపంచం మన పాత బ్లాక్ అండ్ వైట్ టీవీలాగే కనిపిస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

పాపం అనుకోకండి. సముద్రంలో నాలుగు బారలు దిగేసరికే ఎరుపు మాయమైపోతుంది. ఇంకా లోతుకి వెళితే మిగిలేది నీలమే. లేని రంగులకోసం కన్ను ఎందుకు కష్టపడాలి? సొరకి కావలసింది రంగు కాదు, వెలుగునీడల తేడా. అంటే తెల్లటి వెలుగు మీద నల్లటి ఆకారం కదిలిందంటే చాలు, పట్టేస్తుంది.

ఇందులో మనకు పనికొచ్చే విషయం కూడా ఒకటుంది. సొరలు తిరిగే తీరాల్లో స్నానానికి దిగేటప్పుడు తళతళలాడే నగలు పెట్టుకోవద్దనీ, బాగా కొట్టొచ్చినట్టుండే చారల బట్టలు వేసుకోవద్దనీ చెబుతారు. మెరిసే నగ, మెరిసే చేప పొలుసులా కనిపించవచ్చు. పొద్దుగుంకే వేళా, తెల్లవారుజామునా దిగవద్దనీ అంటారు. ఆ మసకలో దాని చూపు మన చూపుకన్నా మెరుగు కనుక!

సుత్తి తల ఎందుకు?

సొరల్లో సుత్తి తలవి ఉంటాయి. తల అటూ ఇటూ రెక్కల్లా సాగి, ఆ రెండు కొసల్లో రెండు కళ్ళు. "దేవుడు దీన్ని చేసేటప్పుడు ఏమాలోచించాడో!" అనిపిస్తుంది చూస్తే. కళ్ళు అంత ఎడంగా ఉంటే ముందున్నది ఎలా కనిపిస్తుందని పూర్వం చాలామంది అనుమానపడ్డారు.

2009లో అమెరికాలో మిషెల్ మెకూంబ్ బృందం ఆ చూపుని కొలిచింది. రెండు కళ్ళూ కలిసి ఒకేచోటుని చూస్తేనే ఆ వస్తువు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి, మీకే తెలుస్తుంది! మామూలు తల ఉన్న లెమన్ షార్క్‌కి అలా రెండు కళ్ళ చూపూ కలిసే మేర 10 డిగ్రీలే. ఒక రకం సుత్తి తల సొరకి 32 డిగ్రీలు. అన్నింటికన్నా వెడల్పాటి తల ఉన్న వింగ్‌హెడ్ సొరకి ఏకంగా 48 డిగ్రీలు! మన దేశపు తీరాల్లోనూ కనిపించే సొర ఇది. దాని తల వెడల్పు, ఒంటి పొడవులో ఇంచుమించు సగం ఉంటుంది. అంటే వికారం అనుకున్న ఆ తల, చూపుకోసం ఏర్పడిన సదుపాయమన్నమాట.

కొరికే క్షణంలో కళ్ళు మూసుకుంటుంది!

ఇప్పుడు మా మామ్మ చూపించిన రెప్ప దగ్గరికి వద్దాం.

సొర తినేది ఊరికే నోట్లో పడే తిండి కాదు. చేప పెనుగులాడుతుంది, ముళ్ళు గుచ్చుతుంది. సీల్ అయితే గోళ్ళతో రక్కుతుంది. కంటికి దెబ్బ తగిలిందంటే ఆ సొర బతుకు సగం పోయినట్టే. అందుకే పులి సొర, నీలి సొర, మన బజారుకొచ్చే పాలసొర వంటివాటికి ఆ లోపలి రెప్ప. కొరకబోయే క్షణంలో కింది నుంచి పైకి లేచి కంటిని కప్పేస్తుంది.

తెల్ల సొరకి ఆ రెప్ప లేదు. అదేం చేస్తుందంటే, కనుగుడ్డునే వెనక్కి తిప్పేసుకుంటుంది! ఆ క్షణంలో తీసిన ఫోటోల్లో కన్ను తెల్లగా కనిపించి మరీ భయపెడుతుంది గానీ, నిజానికి అది భయపడి దాచుకున్న కన్ను. పోపులో ఆవాలు చిటపటలాడినప్పుడు మనం చటుక్కున కళ్ళు మూసుకుని మొహం తిప్పేసుకోమూ? అలాంటిదే.

కళ్ళు మూసుకుంటే మరి దారెలా? సొర మూతి మీద సూదిమొనతో పొడిచినట్టు సన్నటి రంధ్రాలుంటాయి. 1678లో స్టెఫానో లోరెంజిని అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు వీటిని వర్ణించాడు. ఆయన పేరే వాటికి స్థిరపడింది. ప్రాణమున్న ప్రతి ఒంట్లోనూ కండరం కదిలితే, గుండె కొట్టుకుంటే అతిసూక్ష్మంగా విద్యుత్తు పుడుతుంది. ఆ రంధ్రాలు దాన్ని పసిగడతాయి. చివరి జానెడు దూరంలో సొరని నడిపించేది కన్ను కాదు, ఈ మూతే.

ఇక వేల్ షార్క్ సంగతి మరీ చిత్రం. బస్సంత పొడవు పెరిగే ఈ సొర తినేది చిన్నచిన్న జీవులని. దానికి రెప్పలే లేవు. 2020లో జపాన్ శాస్త్రజ్ఞులు గమనించిందేమిటంటే, దాని కంటి మీద, పాప చుట్టూరా పళ్ళలాంటి బుల్లి బుల్లి కవచాలుంటాయి! పైగా ఏదైనా దగ్గరికి వస్తే కనుగుడ్డుని తలలోకి లాక్కుంటుంది. అంత పెద్ద ప్రాణి, కంటి దగ్గరికి వచ్చేసరికి మన పసిపిల్లలకన్నా భయస్తురాలు! 2022లో విశాఖ దగ్గర తంతడి తీరానికి కొట్టుకొచ్చిన వేల్ షార్క్‌ని అటవీశాఖవారూ, జాలరులూ కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపించారు. 2001 నుంచి మన దేశంలో దాన్ని పట్టడం చట్టరీత్యా నేరం.

మనల్ని చూసి ఏమనుకుంటుంది?

అమ్మాయి అడిగిన ప్రశ్న ఇదే కదా! 2021లో సిడ్నీలోని మెక్వారీ విశ్వవిద్యాలయంలో లారా రయన్ బృందం దీనికి జవాబు వెదికింది. ఈదే మనుషులనీ, పలక మీద పడుకుని చేతులతో తెడ్డేసే సర్ఫర్లనీ, సీల్ జాతి జంతువులనీ నీళ్ళ అడుగు నుంచి వీడియో తీశారు. కుర్ర తెల్ల సొర కంటికి అవి ఎలా కనిపిస్తాయో లెక్కగట్టారు. ఫలితం? ఆకారంలోగానీ, కదలికలోగానీ దానికి ఆ మూడింటి మధ్యా పెద్ద తేడా తెలియదు! వెలుతురు నిండిన నీటి మీద ఏదో నల్లటి నీడ కదులుతోంది... అంతే.

అంటే మన మీద దానికి పగ లేదు. కొన్నిసార్లు జరిగేది పొరపాటు కావచ్చునన్నమాట. 2024లో ప్రపంచం మొత్తం మీద, మనిషి కవ్వించకుండా సొర కరిచిన సంఘటనలు 47. మరి మనం? ఏటా సుమారు 10 కోట్ల సొరలు మనుషుల చేతుల్లో చస్తున్నాయని 2013లో ఒక అంచనా వచ్చింది. నడిసముద్రంలో తిరిగే సొరలూ, టేకు చేపలూ 1970 నుంచి 2018 లోపు 71 శాతం తగ్గిపోయాయి. ఎవరు ఎవర్ని చూసి భయపడాలో మీరే చెప్పండి! 'జాస్' నవల రాసిన పీటర్ బెంచ్లీ కూడా తర్వాతి కాలంలో సొరల్ని కాపాడండంటూ ఊరూరా చెప్పాడు.

అమ్మ ఇచ్చిన లెన్స్

చివరగా ఒక్క ముచ్చట. ఉత్తరాన మంచుసముద్రాల్లో గ్రీన్‌లాండ్ షార్క్ అని ఒకటుంది. దాని వయసు ఎంతో చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. 2016లో జూలియస్ నీల్సన్ బృందం దాని కంట్లోనే జవాబు కనిపెట్టింది. లెన్స్ మధ్యభాగం తల్లి కడుపులో ఉన్నప్పుడే తయారవుతుంది. ఆ తర్వాత దాని చుట్టూ పొరలు చేరుతాయే తప్ప, ఆ నడిమి భాగం చచ్చేదాకా మారదు. మన కంట్లోనూ అంతే. ఆ భాగంలోని కార్బన్‌ని పరీక్షించి, అది ఏ కాలంలో ఏర్పడిందో లెక్కగట్టారు.

అలా పరీక్షించిన 28 సొరలూ ఆడవే! వాటిలో పెద్దదానికి ఎంత తక్కువ లెక్కేసినా 272 ఏళ్ళు. 390 ఏళ్ళు దాటి ఉండవచ్చని వాళ్ళ అంచనా. అది తల్లి కావడానికే దాదాపు 150 ఏళ్ళు పడుతుందట. అన్నేళ్ళ పాటు చీకటి నీళ్ళలో ఈదుతూ, తల్లి కడుపులో అమిరిన ఆ చిన్న గాజుపూసలోంచే లోకాన్ని చూసిందన్నమాట.

ఇదంతా తెలుసుకున్నాక ఓ రాత్రి అన్నం తింటుండగా అమ్మాయికి చెప్పాను. రెప్ప సంగతీ, నీలం కళ్ళ సంగతీ, అమ్మ ఇచ్చిన లెన్స్ సంగతీ. ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నది. చివరికి అడిగింది: "అయితే కొరికేటప్పుడు దానికీ భయమేస్తుందా అమ్మా?"

"కంటికి దెబ్బ తగులుతుందేమోనని మాత్రం జాగ్రత్తపడుతుందమ్మా" అన్నాను.

ఈసారి మీరు చేపల బజారుకి వెళ్ళినప్పుడు, తాజాదనం చూడ్డానికి ఎలాగూ ఆ కళ్ళలోకి చూస్తారుగా... పక్కన మీ పిల్లలుంటే, ఆ లోపలి రెప్ప ఒకసారి చూపించండి. భయం పోవడానికి అంతకన్నా మంచి మందు లేదు.